ఎడమ పక్క చిగురు

ఈ సంగతి రాయొద్దని నాకు ముగ్గురు చెప్పారు. ఒకరు మా ఆయన, ఒకరు మా తోడికోడలు. మూడో మనిషి, నేను ఎవరి గురించి రాస్తున్నానో ఆవిడే. ముగ్గురూ అన్నది ఒకే మాట: "అయిపోయింది కదా." అయిపోయిందో లేదో చెప్పాల్సింది వాళ్ళు కాదు. ఇప్పటికీ మజ్జిగ తాగితే నా ఎడమ దవడ కింద నుంచి కణత దాకా సూది దిగినట్టు ఉంటుంది.

ఉదయగిరిలో బస్టాండు దగ్గర నాకు జాకెట్లు కుట్టే కొట్టు ఉంది. ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను. మా వీధిలో నన్ను వెనకాల "అర్జీలామె" అంటారు. వీధి లైటు వెలగకపోయినా, రేషన్ బియ్యం తూకం తగ్గినా, సోమవారం గ్రీవెన్స్‌కి కాగితం రాసేది నేనే కాబట్టి ఆ పేరు పెట్టారు. నేను రాసిన కాగితాలతో వచ్చిన లైట్ల కింద నిలబడే నవ్వుకుంటారు. ఆ పేరు మొదట పెట్టిన మనిషి ఎవరో నాకు తెలుసు. ఆమె జాకెట్లు ఇప్పటికీ నేను ముట్టను.

నా పుట్టిల్లు వరికుంటపాడు పక్క. మా నాయనకి గొర్రెలుండేవి. గొర్రెలూ మేమూ ఒకే బోరు నీళ్ళు తాగి పెరిగాం. ఆ నీళ్ళకి మా పళ్ళు గార పట్టాయి. నా పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నేను నోరు తెరిచి నవ్వలేదు. అది సిగ్గు అనుకున్నారు అత్తగారి వాళ్ళు. నలభై దాటాక గార సంగతి పోయి జివ్వుమనడం మొదలైంది. చల్లటిది తాగలేను, పుల్లటిది తినలేను. మా వీధిలో సగం మంది ఆడవాళ్ళ సంగతి ఇంతే. అందరం ఆ పక్క ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళమే.

పోయిన ఏడాది పెద్దింటి కోడలు మా కొట్టుకి వచ్చింది. పెద్దిల్లంటే మా దగ్గర పొలాలున్న ఇల్లు, పంచాయతీ ఎవరి చేతిలో ఉండాలో చెప్పే ఇల్లు. ఆ పిల్ల డిగ్రీ చదివింది. ఏదో ఊరి డెంటల్ కాలేజీ వాళ్ళు ఆత్మకూరులో కొత్త మందు పరీక్ష పెడితే, మనుషుల్ని చేర్చి వివరాలు రాసే ఉద్యోగం దొరికింది ఆమెకి. నాకంటే పదేళ్ళు చిన్నది. నన్ను "నువ్వు" అంటుంది.

అంతకు ఆరేళ్ళ ముందు ఆమె నా చేత ఒక పట్టు జాకెట్ మూడుసార్లు ఊడదీయించింది. ఆమె ఎడమ భుజం కుడి భుజం కంటే అరంగుళం దిగువగా ఉంటుంది. ఆ మాట పక్కకి పిలిచి, మెల్లగా చెప్పాను. "కొలత నువ్వు తప్పు రాసుకొని నా భుజం మీదకి తోస్తుండావా?" అని కొట్టులో ఉన్న నలుగురి ముందూ పకపకా నవ్వింది. కొలత నేను తప్పు రాయలేదు. ఆ పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది.

"ఏమ్మే, నీకు పళ్ళు జివ్వుమంటాయంట గదా. మీ అక్క చెప్పింది. కొత్త మందు పూస్తారు, వస్తావా?" అంది ఆ రోజు. అక్క అంటే మా తోడికోడలు.

"కొత్త మందంటే? మా మీద పూసి చూస్తారా?"

"నీకన్నీ అనుమానాలే. మిగతా వాళ్ళెవురూ ఇట్ట అడగలా."

అడగకపోవడం మంచి గుణమైనట్టు చెప్పింది. నాకు కోపం వచ్చింది. కానీ పళ్ళు నావి, బాధ నాది. వెళ్ళాను.

మా వీధి నుంచి ఎనిమిది మందిమి. ఆత్మకూరులో ఒక మెడికల్ షాపు మీద మేడ గది. అంగీకార పత్రం ఇచ్చారు. తెలుగులోనే ఉంది. చిన్న అక్షరాలు, ఏడు పేజీలు. మిగతా ఏడుగురూ చివరి పేజీ తిప్పి సంతకాలు పెట్టేశారు. నేను మొదటి పేజీ నుంచి చదివాను.

"ఏంది, పరీక్ష రాస్తుండావా?" అంది మా తోడికోడలు. "మాకు బస్సు పోతాదే."

"పోతే ఇంకోటి వస్తాది. ఉండక్కా."

ఎప్పుడు కావాలన్నా మానుకోవచ్చని అందులో రాసి ఉంది. ఏ చిన్న ఇబ్బంది కలిగినా చెప్పాలనీ, చెప్పింది చెప్పినట్టు రాస్తారనీ ఉంది. మనకి అన్యాయం జరిగిందనిపిస్తే ఫోన్ చేయడానికి ఒక కమిటీ నంబరు ఉంది. మన దగ్గర ఉంచుకోమని ఒక కాపీ ఇచ్చారు. నాది ఇనప్పెట్టెలో పెట్టాను. మా తోడికోడలు తన కాపీలో కరివేపాకు చుట్టి పుట్టింటికి పంపింది.

పద్ధతి ఇలా ఉంటుందని డాక్టరు చెప్పాడు. నోటిని రెండు సగాలు చేస్తారు. ఒక సగానికి ఇప్పటికే వాడుకలో ఉన్న పూత, రెండో సగానికి కొత్త పూత. ఒకటో నంబరు సీసా, రెండో నంబరు సీసా. ఏ సీసాలో ఏ మందు ఉందో పూసే డాక్టరుకీ తెలియదు. ఎవరికి ఏ పక్క ఏ సీసానో చీటీ తీసినట్టు కాలేజీలో ముందే తేల్చి పంపుతారు. ఒకే మనిషి నోట్లో రెండూ ఉంటే, ఆ మనిషి తిండీ నీళ్ళూ ఒకటే కాబట్టి పోల్చడం సులువట. ఆ పద్ధతి నాకు నచ్చింది, దాచుకోను. రంగు దిగే దారం ఏదో తేలాలంటే నేనూ ఒకే జాకెట్‌కి రెండు చేతులూ రెండు దారాలతో కుట్టి ఉతికించేదాన్ని.

నాకు కుడి పక్క ఒకటో నంబరు, ఎడమ పక్క రెండో నంబరు పూశారు. కుడి పక్క వారంలోనే నెమ్మదించింది. ఎడమ పక్క మూడో రోజుకి చిగురు తెల్లబడి, వేడన్నం తగిలితే పొరలా ఊడి వచ్చింది. అద్దంలో చూసుకున్నాను. రెండో వారానికి కొంచెం మానింది, కానీ నాలుక తగిలితే చురుక్కుమనేది.

రెండో విడతకి మళ్ళీ అందరం బస్సెక్కాం. గురువారం. అనుమసముద్రంపేట దర్గాకి పోయేవాళ్ళతో బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడే మాట్లాడుకున్నాం.

"నాకు ఒక పక్క నిప్పు పెట్టినట్టు ఉండిందే," అంది మా తోడికోడలు.

"నాకూ అంతే వదినా. సంగటి ముద్ద మింగలేకపోయినా," అంది మా వెనకింటామె.

నేను కాక మిగతా ఏడుగురిలో అయిదుగురు కాలిందన్నారు. నేను విన్నాను. నాకు మతిమరుపు లేదు.

గదిలో పెద్దింటి కోడలు బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. "ఏమన్నా ఇబ్బంది ఉన్నిందా?" మా తోడికోడలు చీర కొంగు సర్దుకుని, "ఏం లేదమ్మా, శానా బాగుండాది," అంది. వెనకింటామె, "మీ దయవల్ల బాగుండాదమ్మా," అంది. అయిదుగురూ అదే పాట. ఆమె సంతోషంగా ఒక్కొక్క కాగితంలో గీత గీసుకుంటూ పోయింది.

బయట వరండాలో మా తోడికోడల్ని పట్టుకున్నాను. "ఏందక్కా, బస్సులో నిప్పంటివి, ఇక్కడ బాగుండాది అంటివి?"

"మెల్లగా మాట్లాడు. ఆయమ్మ ముందర ఎట్ట చెప్పేది? ఆయమ్మ తెచ్చిన మందు బాగలేదని ఆయమ్మకే చెప్పాల్నా? ఆమె మామే గదా మనింటోళ్ళ పింఛను కాగితం మీద సంతకం పెట్టించినాడు."

"మందు ఆమె చేసిందా? ఆమె రాసుకునే మనిషి."

"నీకు తెలీదులే. నోరు మండితే నాలుగు దినాలకి తగ్గతాది. మనుషులు తిరగబడితే తగ్గతారా?"

ఇదీ మా వాళ్ళ మర్యాద. చుట్టాలింట్లో పెట్టిన కూర ఉప్పగా ఉన్నా బాగుందంటాం కదా, మందుకీ అదే మర్యాద చేశారు. ఆ మందు బాగుందో లేదో తెలుసుకోవడానికే ఇంతమందిని పిలిచారన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు.

నా వంతు వచ్చింది. "ఏమన్నా ఇబ్బంది ఉన్నిందా?"

"ఉన్నింది. ఈ పక్క కాలింది," అని ఎడమ దవడ మీద వేలు పెట్టి చూపించాను. "చిగురు పొర ఊడింది. రాసుకో."

ఆమె కనుబొమలు చిట్లించింది. "అందరికీ బాగుంటే నీకే ఎట్ట కాలతాది?" అంది. నేను వేలు తీయలేదు. రాసింది. రాయకపోతే లేవనని ఆమెకి తెలుసు.

కుర్చీలో పడుకోబెట్టారు. ఈసారి వేరే డాక్టరు, కుర్రాడు. నోరు తెరిపించి రెండు పక్కలా దూది కుక్కి, కాగితం చూసి, "కుడి పక్క రియాక్షన్ వచ్చిందట కదా, ఆ పక్క ఆపేద్దాం. ఎడమ పక్క ఒక్కటే పూస్తాను," అన్నాడు.

నోట్లో దూది ఉంది. లాలాజలం లాగే గొట్టం ఉంది. నేను "ఆఁ ఆఁ" అన్నాను. చెయ్యెత్తి అతని మణికట్టు పట్టుకున్నాను.

"కదలొద్దమ్మా, మందు చిగురు మీద పడుతుంది."

ఆమె బల్ల దగ్గర నుంచే నవ్వింది. "ఆమె ఎప్పుడూ ఇంతేలెండి సార్. ఏదో ఒకటి ఉంటాది."

ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. ఆ మాట వినే అతను నా చెయ్యి పక్కకి పెట్టి, కాలిన చిగురు పక్కనే మళ్ళీ అదే మందు పూశాడు.

లేచి దూది ఉమ్మి, బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం చూశాను. పళ్ళ వరసల బొమ్మ ఉంది అందులో. కుడి పక్క పళ్ళ మీద గుర్తు పెట్టి ఉంది. ఆమె నాకు ఎదురుగా కూర్చుంది. నా ఎడమ దవడ ఆమెకి కుడిచేతి పక్కన ఉంటుంది. ఆమె తన చేతిని బట్టి రాసుకుంది. కుట్టుపనిలో చేరిన మొదటి రోజు నేర్పే సంగతి ఇది. ఎదుటి మనిషిని కొలిచేటప్పుడు కుడి అంటే తొడుక్కునే మనిషి కుడి. ఇరవై రెండేళ్ళలో నేను ఒక్క చెయ్యి తారుమారు చేయలేదు.

"నేను చూపించింది ఎడమ పక్క. నువ్వు రాసింది కుడి."

"నువ్వు కుడి పక్కే చూపించినావు."

"నా చెంప నాకు తెలీదా?"

"ఇప్పుడు మాట మారిస్తే ఎట్ట? వచ్చే విడతకి చూద్దాంలే. బయట జనం ఉండారు."

వచ్చే విడత దాకా నా చిగురు ఆగలేదు. ఈసారి రెండు పళ్ళ దగ్గర చిగురు కిందికి జారి వేరు బయటపడింది. పది రోజులు గంజి తాగాను, అదీ గోరువెచ్చగా. మా ఆయన ఒక పూట చూసి, "సగం నోరు బాగైంది గదా, దానికి సంతోషపడు," అన్నాడు. ఆ పూట ఆయనకి అన్నం నేను వడ్డించలేదు.

చిగురు కంటే నన్ను తొలిచింది ఆ కాగితం. నాకు మేలు చేసిన ఒకటో నంబరు కాల్చిందని, నన్ను కాల్చిన రెండో నంబరు మంచిదని నా నోరే సాక్ష్యం చెప్పినట్టు అక్కడ రాసి ఉంది. రేపు ఆ రెండో నంబరు మందుల షాపుల్లోకి వస్తే, సీతారామపురంలోనో ఇంకెక్కడో గార పళ్ళున్న ఇంకో మనిషి పూయించుకుంటుంది. ఆమె చిగురు ఊడితే అందులో నా సంతకం కూడా ఉంటుంది. కాలలేదన్న వాళ్ళ పాపం వాళ్ళది. నేను కాలిందని చెప్పి కూడా అబద్ధం చెప్పిన మనిషిని అయ్యాను.

ఇనప్పెట్టె తీసి, కాపీలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. రాసి పంపమన్నారు. రాసి పంపడం నాకు కొత్తా? నాలుగు పేజీలు రాశాను. జాకెట్ ముక్కలు గీసే కాగితం మీద నా నోటి బొమ్మ గీసి, "ఇది నా కుడి, ఇది నా ఎడమ, బల్ల ఇక్కడ, ఆమె ఇక్కడ" అని బాణాలు పెట్టాను. రిజిస్టర్ పోస్టు చేశాను. ఆ సంగతి పోస్టాఫీసు నుంచి పెద్దింటికి నాకంటే ముందే చేరింది. ఆ వారం ముగ్గురు కొట్టుకి వచ్చి, కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు కుట్టకుండానే పట్టుకెళ్ళారు. ఎవరెవరో రాసుకున్నాను.

ఆఖరి విడత రోజు కాలేజీ నుంచి పెద్ద డాక్టరు వచ్చాడు. నన్ను ముందు పిలిచాడు. నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "కాలింది ఎడమ పక్కే," అన్నాడు. పెద్దింటి కోడలు పక్కనే నిలబడి ఉంది.

"దిద్దించండి సార్," అన్నాను. "ఆ తప్పుది తెల్ల రంగు పెట్టి చెరిపేయండి."

"చెరపకూడదమ్మా. తప్పు రాసినా అది కనబడాలి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, ఎందుకు మార్చారో రాసి సంతకం పెట్టాలి."

ఆ పద్ధతీ నాకు నచ్చింది. ఆమె గీత కొట్టి, పక్కన ఇంగ్లీషులో ఏదో రాసి సంతకం పెట్టింది.

"ఎందుకని రాసింది సార్? తెలుగులో చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "పేషంట్ ఇచ్చిన వివరణ ప్రకారం మార్చడమైనది."

"నేను వివరణ ఏమీ ఇవ్వలా. మొదటి దినమే ఈ పక్కే చూపించినాను. అట్ట రాస్తే నేను మొదట తప్పు చెప్పి, తర్వాత దిద్దుకున్నట్టు ఉండాది."

"ఏదో ఒకటి, ఎడమ అని పడింది గదా," అంది ఆమె. "ఇంకేం కావాల నీకు?"

"నువ్వు తప్పు రాసినావని కావాల."

"అమ్మా, బయట వాళ్ళు కూర్చుని ఉన్నారు," అన్నాడు పెద్ద డాక్టరు.

"నేనూ కూర్చుంటాను సార్," అని ఆ కుర్చీలోనే కూర్చున్నాను. పళ్ళు చూసే కుర్చీ అక్కడ ఒక్కటే. నేను లేవకుండా ఇంకెవరికీ మందు పూయలేరు. అరగంట కూర్చున్నాను. పెద్ద డాక్టరు ఒకసారి ఆమెని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. చివరికి, "ఆవిడ చెప్పింది న్యాయమే కదమ్మా, రాయండి," అన్నాడు.

ఆమె రెండో గీత కొట్టింది. కింద, "రాసినవారి పొరపాటు" అని తెలుగులోనే రాసింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కింది కాగితం మీద కూడా అచ్చు పడింది. నేను చదివి, తేదీ కూడా వేయించి, అప్పుడు లేచాను.

"ఇప్పుడు చల్లబడినావా?" అంది.

"నా చిగురు చల్లబడలేదు," అన్నాను.

తర్వాత పెద్ద డాక్టరు మిగతా ఏడుగురినీ తానే అడిగాడు. మంచి మనిషే, ఓపిగ్గా అడిగాడు. కానీ బుద్ధి లేని పని ఒకటి చేశాడు. ఆమెని బయటికి పంపకుండా, పక్కన నిలబెట్టుకునే అడిగాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. "శానా బాగుండాది సార్." "ఏం లేదు సార్." "బాగుండాది." అద్దం పెట్టి చూద్దామంటే చిగుళ్ళు అప్పటికి మానిపోయాయి. వాళ్ళకీ మళ్ళీ పూశారు గానీ పైపొరే ఊడి మానింది; చిగురు జారి వేరు బయటపడింది నాకే కాబట్టి నా ఒక్కదానికే ఆనవాలు మిగిలింది. "ఒక్కరికే వచ్చినట్టుంది," అని ఆయన రాసుకున్నాడు.

"ఒక్కరికి కాదు సార్, నాతో ఆరుగురికి," అన్నాను గుమ్మంలో నుంచే.

అయిదుగురూ తలలు తిప్పి నన్ను చూశారు. "వాళ్ళు చెప్పాలమ్మా. మీరు చెబితే రాయలేను," అన్నాడు ఆయన.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎండ మాడుతోంది. ఎక్కేముందు మా తోడికోడలు ఒక కూల్ వాటర్ బాటిల్ కొన్నది. అది చేతులు మారుతూ పోయింది. నేను వెనక సీట్లో ఉన్నాను, నాకు ఇవ్వలేదు. మా తోడికోడలు తల కుడి పక్కకి వంచి, నీళ్ళు ఆ బుగ్గలో పోసుకుని మింగింది. వెనకింటామె ఎడమ పక్కకి వంచి తాగింది. తర్వాతామె మళ్ళీ కుడికి. మానిన చిగురు కూడా చల్లటి నీళ్ళు తగిలితే ఊరుకోదని వాళ్ళకి తెలుసు. ఎవరికి ఏ పక్క కాలిందో ఆ బాటిల్ చెబుతోంది.

సంచీలో నుంచి నా కాపీ తీసి, దాని వెనక ఒక్కొక్కరి ఇంటి గుర్తు వేసి, వంచిన పక్క చూసుకుని, దానికి అవతలిది కాలిన పక్క అని రాయడం మొదలుపెట్టాను. మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి మా తోడికోడలు లేచి వచ్చి, సీటు కమ్మీ పట్టుకుని వంగి చూసింది.

"ఏంది రాస్తుండావు?"

"మీ నోళ్ళు."

"మా నోళ్ళు రాయమని నీకెవురు చెప్పినారు? నీ నోటి సంగతి నువ్వు రాయించుకున్నావు గదా, నీ మాటే గెలిచింది గదా. మా నోట్లో ఏముండాదో చెప్పేది మేము. డాక్టరు కూడా అదే అన్నాడు."

డాక్టరు అదే అన్నాడు. ఏడు పేజీల కాగితంలో కూడా అదే ఉంది, నేనే చదివాను.

ఆమె వెళ్ళి తన సీట్లో కూర్చుంది. నేను కాగితం మడవలేదు. మిగిలిన రెండిళ్ళూ కూడా రాశాను.